సూక్ష్మతరంగములతో పాలిమరుల తయారీ

బోరబండ, అమీరుపేట ప్రాంతముల అనేక గృహములలో నేడు మైక్రోవేవ్ పొయ్యి కనిపించుచున్నది. అందలి తరంగములు మన రేడియో అందుకొను తరంగముల జాతివే. మధ్యతరంగ ప్రసారముల తరంగదైర్ఘ్యము వందల మీటర్లు కాగా, వీనిది సుమారు 12 సెంటీమీటర్లు. వీనితో రసాయన శాస్త్రజ్ఞులు పాలిమరులను సైతము త్వరగా తయారుచేయుచున్నారు. ఆ విధమెట్టిదో విచారింతము.

పాలిమరు అనగా మోనోమరులను చిన్న అణువులు పూసలవలె కూడి ఏర్పడిన గొలుసు. 1944లో మన నగరమున స్థాపింపబడి, నేడు తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా నడచుచున్న పరిశోధనాలయమున పాలిమరులకొక విభాగమే కలదు. సాధారణ పద్ధతిలో కొన్ని గొలుసులు పొడవుగను, కొన్ని పొట్టిగను వచ్చును. అన్నియు సమానముగా పెరుగవలెనన్న పగ్గము వేయవలెను. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1998లో ప్రకటించిన 'రాఫ్ట్' పద్ధతిలో గంధకముగల యొక పదార్థము పెరుగుచున్న గొలుసు కొసను పట్టి నిద్రపుచ్చును. అంతలో వేరొక గొలుసు మేల్కొనును. ఇట్లు వంతులవారీగా పెరుగుటకు పెక్కు గంటలు పట్టవచ్చును.

నూనెతొట్టిలోనుంచిన గాజుపాత్రకు వేడి గోడలనుండి మెల్లగా ప్రాకును. సూక్ష్మతరంగములో విద్యుత్ క్షేత్రము సెకనుకు 245 కోట్ల పర్యాయములు డోలనము చెందుచు అణువులను కుదుపుటచే, వేడి ద్రవములోపలనే పుట్టును. మూసిన గొట్టములో ద్రవము మరుగుస్థానమును మించి వేడెక్కును. పది డిగ్రీలకు వేగము రెట్టింపగునను స్థూలసూత్రము ననుసరించి, 80 డిగ్రీలవద్ద ఎనిమిది గంటల పని 120 డిగ్రీలవద్ద అరగంటకు దిగును.

ఈ తరంగములలో వేడికి మించిన మహిమ కలదా? దీనిపై చాలకాలము వాదము నడచినది. 2009లో ఆస్ట్రియాలోని గ్రాట్జ్ శాస్త్రజ్ఞులు తరంగములను తానే పీల్చుకొను సిలికాన్ కార్బైడ్ గొట్టములలో పలు రసాయన చర్యలు జరిపి చూచిరి. దాదాపు అన్నిట ఫలితము మారలేదు. త్వర వేడివలన వచ్చునది, పగ్గము రసాయనమునది. వేడి మితిమీరిన ఆ పగ్గమే తెగును.

ఇంకొక అడ్డు కలదు. ఈ తరంగములు నీటివంటి ద్రవములలో కొద్ది సెంటీమీటర్లే చొరబడును. కనుక సనత్‌నగర్ వంటి పారిశ్రామిక వాడలలోని పెద్ద తొట్లకు ఈ ఉపాయము నేరుగా పనికిరాదు. ద్రవమును సన్నని గొట్టములగుండ పారించవలసియుండును.

కడపట మేము గృహిణులకు మనవి చేయునది: ప్రయోగశాలలో ఒత్తిడికి తట్టుకొను గొట్టములుండును. ఇంటి పొయ్యిలో మూత బిగించిన సీసా నుంచరాదు, అది ప్రేలును.