నెయ్యి గడ్డకడుతుంది, మరి చేప నూనె?

ఫ్రిజ్‌లో పెడితే నెయ్యి గట్టిపడుతుంది. చేప నూనె మాత్రం జారుతూనే ఉంటుంది. ఎందుకు?

  

కొవ్వంటే సన్నని గొలుసులు. నెయ్యిలో చాలావరకు చీపురుపుల్లల్లా నిటారుగా ఉండి, ఒకదాన్నొకటి ఆనుకుని గడ్డకడతాయి. చేప నూనెలో జంతికముక్కల్లా వంకర గొలుసులు ఎక్కువ, అవి దగ్గరగా ఒదగవు. బాగా వంకరవాటిలో ఒమేగా-3 ఒకటి. కంటికి కనపడనంత చిన్న సముద్రపు నాచు దాన్ని తయారుచేస్తుంది, తిండితోపాటు అది చేపకు చేరుతుంది.

మరి ఈ ఒమేగా-3 మన ఒంట్లో ఏం చేస్తుంది? మోకాలు దోక్కుపోతే ఎర్రగా వాస్తుంది కదా? అది ఒంట్లోని కాపలావాళ్ల పని. వాళ్లను పిలిచే కబుర్లు కణాల పొరల్లోని కొవ్వు నుంచే పుడతాయి. ఒమేగా-6 అనే కొవ్వు నుంచి గట్టి కేకలు వస్తాయి. ఒమేగా-3 నుంచి మెల్లని కబుర్లు, "ఇక చాలు, సర్దుకోండి" అనేవీ వస్తాయి. రెండూ కావాలి. కేక ఆగకపోతేనే చిక్కు. పొయ్యి ఆర్పకపోతే గిన్నె అడుగు మాడినట్టు, ఏళ్ల తరబడి రగిలే వాపు రక్తనాళాలను పాడుచేస్తుంది. గుండెజబ్బుకు అదో కారణం.

చేప తినని ఇంట్లోవాళ్లకు అవిసెగింజల పొడి ఉంది. అందులోది పొట్టి ఒమేగా-3, మన ఒళ్లు కొద్దిభాగాన్నే చేపలో దొరికే పొడుగు గొలుసుగా మార్చుకోగలదు.