ఏటవాలు ఇంజిను, వెనక ట్రైలరు

1934 డిసెంబర్ 11న లండన్ నుంచి ఒక మోటారు సైకిలు బయల్దేరింది. పక్కన సైడ్‌కారు, వెనక సామాన్ల ట్రైలరు, నడపడానికి ఇద్దరు యువతులు. వెళ్లాల్సింది ఆఫ్రికా దక్షిణపు కొసన ఉన్న కేప్‌టౌన్‌కి. దారిలో సహారా ఎడారి. వెంట సాయానికి మరో బండి లేదు సరికదా, చేతిలో దిక్సూచైనా లేదు.

థెరెసా వాలక్, ఫ్లారెన్స్ బ్లెంకిరన్‌లకు వేగం బాగా తెలుసు. బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాకు మీద మోటారు సైకిలుతో గంటకు 100 మైళ్లు దాటి చుట్టు కొట్టిన మొదటి మహిళ బ్లెంకిరన్. అదీ ఈ ప్రయాణం మొదలైన ఏడాదే. ఇంజినీరింగ్ చదివిన వాలక్ 1939లో 350 సీసీ నార్టన్ మీద అదే పని చేసి చూపించారు. ఇంతటి రేసుగత్తెలు సహారాకు ఎంచుకున్నది మాత్రం రేసు బండిని కాదు. పెళ్లాం పిల్లల్ని సైడ్‌కారులో కూర్చోబెట్టుకుని వెళ్లేవాళ్లు ఇష్టపడే 600 సీసీ పాంథర్‌ని. దానికి ‘వెంచర్’ అని పేరు కూడా పెట్టుకున్నారు.

ఈ ఎంపికలో వింతేమీ లేదని ఆ ఇంజిను పుట్టుక చూస్తే తెలుస్తుంది.

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో క్లెక్‌హీటన్ అనే చిన్న ఊరుంది. 1900 ప్రాంతంలో అక్కడ జోవా ఫెలన్‌కి ఒక ఆలోచన వచ్చింది. అప్పటి మోటారు సైకిళ్లు చాలావరకు ఇంజిను తగిలించిన సైకిళ్లే. హ్యాండిల్ మెడ నుంచి పెడల్స్ దాకా ఏటవాలుగా దిగే ఫ్రేము గొట్టాన్ని ఫెలన్ తీసేసి, ఆ ఖాళీలో ఇంజినునే అదే వాలులో బిగించాడు. అంటే ఇంజిను ఫ్రేములో కూర్చోలేదు, తానే ఫ్రేము అయింది. బరువు తగ్గింది, గట్టిదనం పెరిగింది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. సీటు మీద బరువు పడితే ఫ్రేము అడుగు భాగం సాగాలని చూస్తుంది. సిలిండరు చేసేది పోత ఇనుముతో. నొక్కితే అది ఎంత బరువైనా మోస్తుంది, లాగితే మాత్రం పగుళ్లిస్తుంది. అందుకని క్రాంక్‌కేసు నుంచి సిలిండరు హెడ్డు దాకా పొడవాటి ఉక్కు బోల్టులు వేశారు. లాగుడంతా ఉక్కుకి, పేలుడు వేడి పోత ఇనుముకి. ఎవరి పని వాళ్లకి. ఇంజినును ఫ్రేములో భాగం చేయడం ఇవాళ మామూలు విషయమే. దాన్ని అన్నేళ్ల కిందటే రోడ్డెక్కించిన ఘనుడిగా ఫెలన్‌కి దక్కాల్సినంత పేరు దక్కలేదనిపిస్తుంది.

1904లో రిచర్డ్ మూర్‌తో కలిసి అతను పెట్టిన ఫెలన్ అండ్ మూర్ కంపెనీ మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళానికి బండ్లు ఇచ్చింది. 1930ల తొలినాళ్లలో ఈ కంపెనీ నుంచే 600 సీసీ పెద్ద పాంథర్ వచ్చింది. ఒకే సిలిండరు, 87 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు), 100 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టను కదిలే దూరం). మన రోడ్ల మీది పాత 350 బుల్లెట్‌ది 70, 90. రెండూ ఒకే జాతి. స్ట్రోకు పొడవు, ఫ్లైవీలు బరువు. నిమిషానికి 2,000 చుట్లు తిరిగేటప్పుడు ఇలాంటి ఇంజినులో సెకనుకు పదహారు పదిహేడు పేలుళ్లే జరుగుతాయి. పేలుడుకీ పేలుడుకీ మధ్య బండిని లాక్కెళ్లేది ఫ్లైవీలు దాచుకున్న ఊపే. చక్రం ఇసుకలో కూరుకుంటున్నప్పుడు కావలసింది పరుగు కాదు, ఆగిపోకుండా గుంజే ఈ బలం.

ట్రైలరు సంగతి వేరు. అందులో సరుకు ఎంత ఉందన్నది ఒక ఎత్తయితే, ఎక్కడ ఉందన్నది ఇంకో ఎత్తు. ఎద్దుల బండికి వెనక బరువెక్కితే కాడి మెడల మీంచి లేచిపోతుంది కదా, ఇదీ అంతే. ఇరుసుకి వెనక బరువు పెరిగితే హుక్కు దగ్గర పైకి ఎత్తుతుంది, లాగే బండి వెనక చక్రానికి పట్టు తగ్గుతుంది. కాస్త వేగం అందుకోగానే ట్రైలరు తోక ఊపడం మొదలెడుతుంది, ఆ ఊపు అంతకంతకూ పెద్దదవుతుంది. అందుకే బరువైన సామాను ఇరుసుకి కొంచెం ముందుగా సర్దుతారు. ఉత్త మోటారు సైకిలుకైతే ఇంకో గండం: మలుపులో బండి ఒరగాలి, ట్రైలరు ఒరగకూడదు. కాబట్టి హుక్కు అటూ ఇటూ మెలితిరిగేలా ఉండాలి.

సైడ్‌కారు ఉంటే ఒరిగే బాధ తప్పుతుంది. కొత్త బాధ మొదలవుతుంది. యాక్సిలరేటరు ఇస్తే బండి సైడ్‌కారు వైపు లాగుతుంది, బ్రేకు వేస్తే అవతలి వైపు. దిగుడులో వెనకనుంచి ట్రైలరు తోస్తుంది. పైగా ఇంజిను తిప్పే చక్రం ఒక్కటే, తక్కిన చక్రాలన్నీ ఈడ్చుకెళ్లాల్సిన బరువు. ఆ ఒక్క చక్రం ఇసుకలో దిగబడితే ఇంజినుకి ఎంత బలమున్నా గుంట లోతవుతుందే తప్ప బండి కదలదు. గాలితో చల్లబడే ఇంజినుకి నెమ్మదిగా పోవడమే ఒక శిక్ష. ఇంజిను మీది రెక్కలకు గాలి తగలాలంటే బండి ముందుకు పోవాలి, ఇసుక పోనివ్వదు.

వాలక్, బ్లెంకిరన్‌ల పాంథర్ దీనికి మూల్యం చెల్లించింది. ఎడారి దక్షిణపు అంచున, ఇప్పటి నైజర్‌లో ఉన్న అగాదెజ్‌లో ఇంజినును పూర్తిగా విప్పాల్సి వచ్చింది. ఈ ఎంపికలోని తెలివి బయటపడింది అక్కడే. ఒకే సిలిండరు, ఒకే పిస్టను. విప్పి పరిచినా ఏ భాగం ఎక్కడిదో చూడగానే తెలిసిపోతుంది. ఇంజినీరింగ్ చదివిన మనిషి పక్కనే ఉంది. ఇద్దరూ దాన్ని మళ్లీ బిగించి కదిలించారు.

అక్కణ్నుంచి నైజీరియా, కాంగో అడవులు, తూర్పు ఆఫ్రికా. టాంగన్యికాలో ఎదురుగా వచ్చిన ఏకైక కారుని గుద్దుకోవడం కూడా ఈ ప్రయాణం ఖాతాలో ఉంది. అంత ఖాళీ దేశంలో రెండే బండ్లుండి అవి ఢీకొన్నాయంటే దురదృష్టానికి కూడా హాస్యం తెలుసనుకోవాలి. 1935 జులై 29న కేప్‌టౌన్ చేరారు. ఏడున్నర నెలలు పట్టింది.

రెండో ప్రపంచ యుద్ధంలో వాలక్ బ్రిటిష్ సైన్యంలో మోటారు సైకిలు మీద ఉత్తరాలు చేరవేశారు. ఆ తర్వాత అమెరికా చేరి, ఫీనిక్స్‌లో మోటారు సైకిలు నడపడం నేర్పే బడి పెట్టారు. 1999లో కన్నుమూశారు. ఆఫ్రికా యాత్ర గురించి ఆమె రాసుకున్నది ‘ది రగ్గడ్ రోడ్’ పేరుతో 2001లో గానీ అచ్చుకాలేదు.

పెద్ద పాంథర్ 1959లో ఇంకా పెద్దదై 645 సీసీకి చేరింది. సైడ్‌కారు లాగడానికి అంతకన్నా మంచి బండి లేదనుకునే రోజులవి. అదే ఏడాది బ్రిటన్‌లో మినీ కారు వచ్చింది. నలుగురు కూర్చోవచ్చు, పైన కప్పుంది, వానకి తడవనక్కర్లేదు. సైడ్‌కారు కొందామనుకున్న ఇంటాయన కారు కొనుక్కున్నాడు. 1960లు ముగిసేలోపే క్లెక్‌హీటన్‌లో పాంథర్ల తయారీ ఆగిపోయింది. ఇంజిను ఏటవాలు మాత్రం చివరిదాకా మారలేదు.