వ్రేళ్ళకు నేర్పు ఎలా వస్తుంది?

సౌలు ఎదుట దావీదు వాయించిన వాద్యమునకు మన తెలుగు బైబిలులో సితారా అని పేరు. ఇంగ్లీషు బైబిలు చదివేవారికి అది హార్ప్. హెబ్రీ భాషలో కిన్నోర్ అనే ఆ వాద్యము చేత పట్టుకొనదగినంత చిన్నది. మనము క్రిస్మస్ కార్డులమీద చూచే నిలువెత్తు హార్ప్ వేరు. అయినా ఆ జాతి వాద్యము మన ఆంధ్రదేశానికి క్రొత్త కాదండి. అమరావతి స్తూప శిల్పాలలో విల్లులా వంగిన కొయ్యకు తంతులు బిగించిన వీణ కనిపిస్తుంది. తర్వాతి కాలములో అది మన దేశములో మరుగునపడినా, బర్మాలో దాని జాతి వాద్యము నేటికీ నిలిచి ఉన్నది.

మొదటి సమూయేలు 16వ అధ్యాయములో ఒక సంగతి గమనించండి. సౌలు సేవకులు వెదకినది సితారా ఉన్నవానిని కాదు, దానిని చక్కగా వాయింపగలవానిని. పిలుపు వచ్చేనాటికే దావీదు చేతులు సిద్ధముగా ఉన్నవి. మరి చేతులు సిద్ధపడేది ఎలా? హార్ప్ నేర్చుకొనేవారు చేసే సాధన చూస్తే, గిటారు, కీబోర్డు, హార్మోనియము పట్టిన మన పిల్లలకు కూడ పనికివచ్చే సంగతులు చాలా ఉన్నవి.

నేటి పెద్ద హార్ప్‌కు 47 తంతులు, అడుగున 7 పెడల్స్ ఉంటాయి. ఈనాటి పెడల్స్ ఏర్పాటుకు 1810లో సెబాస్టియన్ ఎరార్డ్ అనే ఆయన లండనులో పేటెంటు పొందాడు. అన్ని తంతులలో దారి తప్పకుండ 'సి' తంతులకు ఎరుపు, 'ఎఫ్' తంతులకు నలుపో నీలమో రంగు వేస్తారు. కూర్చుండి, వాద్యమును వెనుకకు వాల్చి, కుడి భుజమునకు ఆనించుకొని వాయిస్తారు. చిటికెన వ్రేలికి మాత్రము పని లేదు. ప్రతి చేతికీ నాలుగు వ్రేళ్ళే.

బొటనవ్రేలు పైకి నిలిచి ఉండాలి, మిగతా మూడు క్రిందికి వాలి ఉండాలి. మీటేది గోటితో కాదు, వ్రేలి కొననున్న మెత్తని కండతో. మీటిన వెంటనే వ్రేలు గాలిలో బిగిసిపోకూడదు, అరచేతిలోనికి ముడుచుకోవాలి. క్రొత్తవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మీటుటమీదనే మనస్సంతా పెట్టి, ముడుచుట మరచిపోతారు. ముడుచుకొన్న క్షణములో చేతికి విశ్రాంతి దొరుకుతుంది. ఆ విశ్రాంతి లేనివాని చెయ్యి కొద్దిసేపటికే బిగుసుకొంటుంది, నాదము కూడ సన్నగిల్లుతుంది. అందుకే మంచి గురువులు మొదట పాటలు నేర్పరు. ఒక్క తంతి మీటి, ముడిచి, చెయ్యి వదులుచేసి, మరల మీటమంటారు. చూచేవారికి విసుగు పుడుతుంది గాని పునాది అదే.

రెండవది, రాబోయే స్వరములకు వ్రేళ్ళను ముందుగానే తంతులమీద ఉంచుట. వరినాట్లు వేసే తల్లులను చూడండి. కుడిచెయ్యి ఒక మొక్కను నాటుతుండగానే, ఎడమచేతి బొటనవ్రేలు తర్వాతి మొక్కను పిడికిలిలోనుండి వేరుచేసి సిద్ధముగా ఉంచుతుంది. ఇదీ అట్టిదే. అయితే ఇంకా మ్రోగుతున్న తంతిని తాకితే జుయ్యిమని రొద వస్తుంది. ఎప్పుడు తాకాలో చెవికి తెలియాలి.

ఇక సాధన సంగతి. నాకు పదునాలుగేండ్లప్పుడు మా గుడిలో హార్మోనియము వాయించేవాడను. వారమంతా దాని ముఖము చూడక, శనివారము రాత్రి మూడు గంటలు కూర్చుండేవాడను. ఒక క్రిస్మస్ పాట మధ్యలో ఒకచోట ఎప్పుడూ తడబడేవాడను. తడబడిన ప్రతిసారీ మొదటినుండి మొదలుపెట్టి, అదే వేగముతో వచ్చి, అదే చోట పడేవాడను. ఇరువది సార్లు వాయించాననుకొన్నాను గాని, నిజానికి ఆ తప్పునే ఇరువది సార్లు నేర్చుకొన్నాను. పండుగనాడు సంఘమంతా పాడుతుండగా అక్కడే నా చేతులు ఆగిపోయినవి. పాట ఆగలేదు. నేను తల ఎత్తలేదు.

హార్ప్ గురువులు ఇందుకు చెప్పే మందు సులువైనది. తప్పు వచ్చే ఆ నాలుగు స్వరములను విడదీసి, తప్పు రానంత నెమ్మదిగా వాయించాలి. మూడుసార్లు వరుసగా సరిగా వస్తే వేగము కొంచెము పెంచాలి. మరల తప్పితే తగ్గించాలి. ఆ తర్వాతనే దానిని ముందు వెనుక స్వరములతో కలపాలి. ఉదయము ఇరువది నిమిషములు, సాయంత్రము ఇరువది నిమిషములు ప్రతిదినము వాయించేవాడు, శనివారపు మూడు గంటలవానిని దాటిపోతాడు.

బట్టలుతికి నానిన చేతులతో తంతివాద్యము ముట్టకండి. మెత్తబడిన చర్మము త్వరగా బొబ్బలెక్కుతుంది. బొబ్బమీద వాయిస్తే పుండవుతుంది. మణికట్టు నొప్పిపెడితే ఆపండి. నొప్పిని ఓర్చుకొనుట సాధన కాదు, చేతిని పాడుచేసుకొనుట. నరముతో చేసిన తంతులు గాలిలోని తేమకు శ్రుతి తప్పుతాయి గనుక వాయించేముందు శ్రుతి చూచుకోవాలి.

ఆలస్యముగా మొదలుపెట్టినవారి సంగతేమిటని కొందరు అడుగుతారు. ఐర్లండులో 1670లో పుట్టిన టర్లో ఓ'కారొలన్‌కు సుమారు 18 ఏండ్ల వయస్సులో మశూచి సోకి చూపు పోయింది. ఒక దయగల ఇల్లాలు మూడేండ్లపాటు హార్ప్ నేర్పించి, గుఱ్ఱమును, దారి చూపే మనిషిని ఇచ్చి పంపింది. చిన్ననాడే మొదలుపెట్టినవారి వ్రేళ్ళ నేర్పు ఆయనకు రాలేదనే చెప్పుకొనేవారు. కాని ఆయన కట్టిన బాణీలు 200కు పైగా మిగిలినవి, నేటికీ హార్ప్ నేర్చుకొనేవారు వాటిని వాయిస్తారు. 1738లో మరణించేవరకు ఊరూరా తిరిగి వాయించాడు.

మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయములో సితారాలు, స్వరమండలములు, తాళములతో మందిరసేవకు నియమింపబడిన ప్రవీణుల లెక్క 288. వంతులకు చీట్లు వేసినప్పుడు గురువును, శిష్యుని ఒక్కటిగానే ఎంచారు. గుడి వాద్యము పెద్దవారిదే, పిల్లలు ముట్టరాదు అనే మన అలవాటుకు ఇది కొంచెము ఎదురుగానే ఉన్నది.

మా గుడి హార్మోనియము పెట్టె తాళము సంఘపెద్దగారి ఇంట్లో ఉండేది. అడుగుటకు భయపడి నేను శనివారము దాకా ఆగేవాడను. ఆ పండుగ జరిగిన మరుసటి వారము ఆయన నన్ను పిలిచి, "ఒరేయ్ అబ్బాయ్, రోజూ సాయంత్రము దీపాలవేళకు వచ్చి తాళము తీసుకుపో. మళ్ళీ పొద్దుపోకముందే తెచ్చి ఇయ్యి" అన్నారు. వచ్చే ఈస్టరు దాకా ఒక్క సాయంత్రము మానలేదు.