తెగిన నాడికి తోడు – ష్వాన్ కణాలు

కొడవలి తగిలి గాని, చాఫ్ కట్టర్‌లో పడి గాని వేలి నాడి తెగినప్పుడు, పైచర్మం మానినా స్పర్శ వెంటనే తిరిగి రాదు. అది మరల రావడానికి నాడీ తంతువుతో పాటు, దానిని అంటిపెట్టుకొని ఉండే సహాయక కణాలు కూడ అవసరం. వీటిని థియోడర్ ష్వాన్ పేరిట ష్వాన్ కణాలంటారు.

సాధారణ స్థితిలో ఇవి తంతువు చుట్టూ మైలిన్ తొడుగునేర్పరచి సంకేతాల వేగాన్ని పెంచుతాయి. నాడి తెగగానే, కణదేహం నుండి వేరుపడిన తంతుభాగం శిథిలమవుతుంది. కప్ప నాలుక నాడులలో ఈ మార్పును అగస్టస్ వాలర్ 1850లో వర్ణించాడు. ష్వాన్ కణాలు మాత్రం నశించక తమ విధిని మార్చుకొంటాయి. ఈ మార్పులో సి-జున్ అనే ప్రోటీనుది కీలకపాత్ర. అవి మైలిన్ శకలాలను తొలగిస్తాయి. శేషించిన వాటిని తొలగించుటకు మాక్రోఫేజ్‌లను రప్పిస్తాయి. పోషక ప్రోటీన్లను స్రవిస్తాయి. వరుసలుగా అమరి క్రొత్త తంతువుకు దారి చూపుతాయి. చుంచెలుకల తెగిన వేలికొన తిరిగి పెరగడంలో కూడ వీటి స్రావాలు తోడ్పడుతాయి.

క్రొత్త తంతువు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. అనగా మణికట్టు వద్ద తెగిన నాడి, 18 సెంటీమీటర్ల దూరంలోని వేలికొనను చేరడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. ఈలోగా తంతువు అందని ష్వాన్ కణాల సహాయశక్తి క్రమంగా క్షీణిస్తుంది. కనుక జాప్యం జరిగిన కొలదీ కోలుకొనే అవకాశం తగ్గుతుంది.

యంత్ర భద్రతపై శిక్షణ ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని రైతులకు, కూలీలకు తప్పక తెలియజేయాలి: తెగిన వేలికి తిమ్మిరి ఉంటే పసుపు అద్ది, కట్టు కట్టి ఊరుకొనక, వెంటనే శస్త్రచికిత్స సదుపాయమున్న ఆసుపత్రికి చేరాలి.