చెవిన పడిన మాట, చేతికి వచ్చిన పాదం

మన పత్రికకు వచ్చే కవితల్లో వెన్నెల, కోకిల, తెలుగుతల్లి తరచుగా కనబడుతుంటారు. సాయంకాలపు తరగతులలో పాఠ్యపుస్తకాల నుండి మనము నేర్చుకొన్న మాటలవి. నేర్చుకొన్నందుకు సంతోషమే. కాని అవ్వలు వంటింట్లో మాట్లాడుకొనే తెలుగు ఆ కవితల్లోకి రావడం లేదు. అది తప్పు తెలుగని దిద్దే ఉపాధ్యాయులూ మనలో ఉన్నారు. వారితో మేము ఏకీభవించము.

మన పూర్వులలో ఎందరో ఓడ యెక్కినది విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాల నుండి. కోరంగి రేవు పేరుమీదనే మారిషస్‌లో మనలను కోరంగివారన్నారు. గురజాడ అప్పారావుగారి విజయనగరం కూడా ఆ వైపుదే. 1897లో అచ్చయి, 1909లో తిరిగి వ్రాయబడిన "కన్యాశుల్కం" నిండా ఆ ప్రాంతపు జనం నోటి మాటలే. 1910 నాటి "ముత్యాల సరములు" కూడా, ఆ యేడు కనబడిన హేలీ తోకచుక్కను గూర్చి భర్త భార్యతో మాట్లాడినట్లు సాగుతుంది.

ఆ ఛందస్సు మన మాటకు దగ్గరిది. పాదానికి మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. నాలుగో పాదం కురచగా ఆగినా ఫరవాలేదు. పొట్టి అక్షరానికి ఒక మాత్ర. దీర్ఘానికి, సున్న ఉన్నదానికి, ఒత్తక్షరానికి ముందున్నదానికి రెండు.

ఒక యింట వినిన మాట చెబుతాము. కూర చప్పగా ఉన్నదని పొరుగామె అంటే, పిల్లలందరూ దూరదేశాల్లో ఉన్న ఒక అవ్వ, "ఉప్పు చాలక కాదమ్మా, ఊసు చాలక" అన్నది. ఊసు అంటే కబురు, ముచ్చట. "అమ్మా" తీసి "కూరకు" చేర్చితే చాలు:

ఉప్పు చాలక కాదు కూరకు
ఊసు చాలక

ఉప్పు మూడు, చాలక నాలుగు, కాదు మూడు, కూరకు నాలుగు. రెండో పాదం సగంలోనే నిలిచింది. దానిని నింపాలని మాకు తోచలేదు. ఆమె అక్కడే ఊరుకొన్నది మరి.

"లబుతిక్‌కి పోయి దిపేఁ తే" అని తల్లి బిడ్డతో అంటే, దానిని అంగడిగా, రొట్టెగా సంస్కరించవద్దు. అంగడి అన్న మాట ఆ యింట్లో లేదు. క్రెయోల్ మాటకు "కి" తగిలించి వాడుకొన్నది మన తాతలే కదా! ఇప్పుడు చాల ఇళ్ళలో ఆ "కి" కూడా పోయి, క్రెయోలే మిగిలింది.

కనుక రామభజన ముగిశాక, సింహాద్రి అప్పన్న పూజకు వంటలు చేసేచోట, అమ్మోరు పండుగనాడు కాసేపు అవ్వల దగ్గర కూర్చోండి. విన్నది విన్నట్లు ఆ రాత్రే వ్రాసుకోండి. మాత్రలు మరునాడు లెక్కించవచ్చు. అప్పులు, తగాదాలు, పెళ్ళి సంబంధాల మాటలు చెవిన పడినా కాగితం మీదికి రాకూడదు. మన ఊళ్ళు చిన్నవి, పేరు మార్చినా మనిషి తెలిసిపోతుంది.

పై పాదాలు అచ్చు వేయవచ్చునా అని ఆ అవ్వనే అడిగాము. "వేసుకో బాబూ. అది పద్యమని నాకేం తెలుసు, కూర సంగతి చెప్పాను" అన్నది.