సైకిలు అద్దె ఇచ్చిన సారు

స్కోరు గుర్తుండదు. ఫైనల్లో ఎవరు గెలిచారో కూడా ఒక్కోసారి గుర్తుండదు. కానీ మెడలో విజిల్ వేసుకుని, మైదానం అంచున చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ మనిషి మాత్రం... ముప్ఫై ఏళ్లయినా చెరిగిపోడు. పాఠాలు చెప్పిన మాస్టార్లకన్నా ఎక్కువగా గుర్తుండిపోయే ‘పీడీ సారు’ ముచ్చట్లివి.

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ మైదానంలోనో, చిత్తూరులో మెసానికల్ గ్రౌండులోనో తెల్లవారుజామున నడకకు వచ్చే నడివయసు వాళ్లని ఒకసారి గమనించండి. నాలుగు చుట్లు తిరిగాక గట్టు మీద చేరతారు. షుగరు, మోకాళ్ల నొప్పులు, పిల్లల ఉద్యోగాలు, ఇంటి లోను... అన్నీ అయిపోయాక ఎవరో ఒకరు పాత కాలేజీ జట్టు సంగతి ఎత్తుతారు. అంతే! అప్పటిదాకా నడుం పట్టుకుని కూర్చున్న మనిషి లేచి నిలబడి, వాలీబాల్ స్మాష్ ఎలా కొట్టేవాడో చేతులు ఊపి చూపిస్తాడు. ఆ మాటల్లో రెండు నిమిషాలు తిరక్కుండానే ఒక పేరు వస్తుంది. ఆ కాలేజీ పీడీ సారు పేరు.

కాలేజీ రికార్డుల్లో ఆయన హోదా ఫిజికల్ డైరెక్టర్. బళ్లో అయితే పీఈటీ. ఊళ్లో పెద్దవాళ్లకు డ్రిల్లు మాస్టారు. పిల్లల నోట మాత్రం రెండే అక్షరాలు... పీడీ!

పొద్దున్నే సున్నంతో కోర్టు గీతలు గీయించేది ఆయనే. హాజరు తగ్గిందని పరీక్షకు కూర్చోనివ్వకపోతే ప్రిన్సిపాల్ గది ముందు నిలబడి ‘కాలేజీ తరఫున ఆడటానికే కదా సార్ వెళ్లింది’ అని వాదించేదీ ఆయనే. టోర్నమెంటుకు జట్టు మొత్తాన్ని జనరల్ బోగీలో ఎక్కించి, ప్రతి స్టేషన్లోనూ తలలు లెక్కపెట్టేదీ ఆయనే. చేతికొచ్చిన డీఏ డబ్బులతో ఇంతమందికి రెండుపూటలా భోజనం ఎలా సరిపెట్టాలా అని లెక్కలు వేసుకునేదీ ఆయనే. ఇవేవీ సిలబస్‌లో ఉండవు. అందుకేనేమో, మరచిపోవడం కష్టం.

సైదాపేట నుంచి వచ్చిన విజిల్

అసలు ఈ పీడీ సార్లు ఎక్కణ్నుంచి వచ్చారు? చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అప్పటినుంచి 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మద్రాసు పాలనలోనే ఉంది. చదువుకైనా, వైద్యానికైనా, ఆటకైనా ఇక్కడివాళ్లకు దగ్గరి పట్నం మద్రాసే.

ఆ మద్రాసులో 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ ఒక బడి మొదలుపెట్టారు. పిల్లలకు కాదు, వ్యాయామం నేర్పే మాస్టార్లకు! అదే వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల. ఆసియాలోనే ఈ తరహా కళాశాలల్లో మొదటిదిగా దానికి పేరు. సైదాపేట దగ్గర నందనంలో ఇప్పటికీ ఉంది. అంతకుముందు చాలా బళ్లలో డ్రిల్లు అంటే కవాతే. ఎడమ, కుడి, ఎడమ, కుడి... అయిపోయింది. ఆట కూడా చదువులో భాగమేననీ, దాన్ని నేర్పడానికి చదువుకున్న మాస్టారు కావాలనీ బక్ దొర పట్టుబట్టారు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు మేనేజరు కూడా ఆయనే. 1943లో మద్రాసులోనే కన్నుమూశారు.

దక్షిణాదిలో ఎన్నో బళ్లకు, కాలేజీలకు వ్యాయామం మాస్టార్లను అందించింది ఆ కళాశాలే. ఇక్కడ కాలేజీలు కూడా ఒక్కొక్కటే వచ్చాయి. మదనపల్లెలో బీటీ కాలేజీ 1915లో, తిరుపతిలో తితిదే వారి ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ 1945లో, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో. కాలేజీతోపాటే మైదానం, మైదానంతోపాటే విజిల్! వాటి వెంటే కబడ్డీ, ఖోఖో, బాల్ బ్యాడ్మింటన్, వాలీబాల్ జట్లు. ఆ జట్లతోపాటే జ్ఞాపకాలు.

అద్దె సైకిలు మీద ఒలింపిక్స్‌కు

అయితే పీడీ సార్ల గురించి శిష్యులు చెప్పుకునే మాటల్లో చాలావరకు ఆ గట్టు మీదే ఆగిపోతాయి. పేపరుకెక్కేవి తక్కువ. అలా ఎక్కినవాటిలో తెలుగునేల మీద బహుశా అందరికన్నా ఎక్కువ జ్ఞాపకాలు మూటగట్టుకున్న గురువు... హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం సాబ్ 1909లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. వృత్తి బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత నెత్తినేసుకున్నారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

ఇదంతా రికార్డు పుస్తకాల్లో ఉండేదే. మరి శిష్యులకు గుర్తున్నదేమిటి?

తులసీదాస్ బలరాం సంగతే చూడండి. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రాడు. పేదిల్లు. ఆటలో మెరుపు చూసి రహీం శిక్షణకు రమ్మన్నారు. రోజూ హైదరాబాదుకు రావడానికి తన దగ్గర డబ్బుల్లేవన్నాడు ఆ కుర్రాడు. రహీం ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. అద్దె సైకిలుకు డబ్బులిచ్చి, దాని మీద రమ్మన్నారు. ఆ సైకిలు తొక్కిన కుర్రాడే తర్వాత 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆడాడు. దేశం గర్వించే ఫార్వర్డ్ అయ్యాడు. 2023లో కన్నుమూసేదాకా బలరాం తన గురువు గురించి చెప్పినప్పుడల్లా ఆ సైకిలు అద్దె మాట వచ్చేది. ఒలింపిక్స్ ఆడిన మనిషికి ఆ చిల్లర డబ్బులు గుర్తుండటమే ఇందులో విశేషం!

రహీం పాఠాలు కూడా చిత్రంగా ఉండేవి. డ్రిబ్లింగ్ చేయకుండా ఆడాల్సిన పోటీలు పెట్టేవారు. బంతి వచ్చిందంటే వెంటనే పక్కవాడికి అందించాల్సిందే. బలం తక్కువున్న కాలితోనే ఆడాల్సిన పోటీలు మరికొన్ని. కుడికాలి వాటం వాడికి ఎడమకాలు కూడా ఉందని అప్పుడుగానీ తెలిసేది కాదు! తర్వాతి కాలంలో ప్రపంచమంతా మెచ్చుకున్న ఆట పద్ధతులు ఆ రోజుల్లోనే హైదరాబాదు మైదానాల్లో కనిపించాయని పాత ఆటగాళ్లు మురిసిపోయేవారు.

గురుపూజకు ఒక్కరోజు ముందు

1962 ఆసియా క్రీడలు జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం సాబ్ ఒంట్లో బాగాలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్. తొలి మ్యాచ్‌లోనే మనవాళ్లు దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయారు. అక్కణ్నుంచి లేచి థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను, దక్షిణ వియత్నాంను దాటి ఫైనల్‌కు వచ్చారు. ఎదురుగా మళ్లీ అదే కొరియా. స్టేడియం నిండా జనం. క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడంపై ఒక భారతీయ అధికారి చేసిన వ్యాఖ్యలతో జకార్తా ప్రేక్షకులు మన మీద మండిపడుతున్నారు. మన జాతీయగీతం వినిపించినా ఈలలు, అరుపులే.

ఫైనల్‌కు ముందు రహీం తన కుర్రాళ్లను కూర్చోబెట్టుకుని, రేపు నాకో కానుక కావాలి, ఆ బంగారు పతకం తెచ్చివ్వండి అని అడిగారట. ఆ జట్టులో ఆడినవాళ్లు ముసలివాళ్లయ్యాక కూడా ఈ ఘట్టాన్ని తడికళ్లతోనే చెప్పారు. మర్నాడు తలకు కుట్లతోనే జర్నైల్ సింగ్ ఆడాడు. జ్వరం నుంచి తేరుకున్న తంగరాజ్ గోల్‌పోస్టు ముందు నిలబడ్డాడు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి... రెండు గోల్స్ కొట్టి 2-1తో గెలిచారు. గురువు అడిగింది ఇచ్చేశారు.

ఆ తేదీ 1962 సెప్టెంబరు 4. మర్నాడు సెప్టెంబరు 5. దేశం మొదటిసారి ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకున్న రోజు! ఆ ఏడాది మేలోనే రాష్ట్రపతి అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజది. ఆయన చిన్నప్పుడు చదువుకున్నది మన తిరుపతి లూథరన్ మిషన్ బళ్లోనే. తొలి గురుపూజకు సరిగ్గా ఒక్కరోజు ముందు ఒక బడిపంతులికి ఆయన శిష్యులు ఇచ్చుకున్న దక్షిణ అది. యాదృచ్ఛికమే... కానీ ఎంత అందమైన యాదృచ్ఛికం!

1963 జూన్ 11న రహీం వెళ్లిపోయారు. ఆయనతోపాటే మన ఫుట్‌బాల్ కూడా వెళ్లిపోయిందని ఆ జట్టు సభ్యుడు ఫార్చునేటో ఫ్రాంకో బాధపడేవారు. ఆయన మాట తీసిపారేయలేం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు ఆ తర్వాత దక్కింది 1970లో ఒక కాంస్యం మాత్రమే. అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ సినిమా 2024లో వచ్చాకగానీ కొత్త తరంలో చాలామందికి రహీం పేరు తెలియలేదు.

ఎవరిని కదిలించినా...

పెద్ద గురువులైనా, మన ఊరి పీడీ సారైనా శిష్యుల జ్ఞాపకాలు మాత్రం ఒకే దారిలో నడుస్తాయి.

నన్ను ముందుగా చూసింది ఆయనే: అమ్మానాన్నలకు కూడా తెలియని ఒడుపేదో ఆయన కంటపడుతుంది. ‘నువ్వు రేపు పొద్దున ఆరింటికి గ్రౌండుకి రా’ అన్న ఒక్కమాటతో జీవితం మలుపు తిరుగుతుంది. శ్రీకాకుళం జిల్లాలో బక్కపలచని అమ్మాయి, ఈ బరువులేం ఎత్తుతుందిలే అనిపించుకున్న కరణం మల్లీశ్వరికి తొలి పాఠాలు నేర్పింది నీలంశెట్టి అప్పన్న. ఆ అమ్మాయే 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది.

తిట్టాడు, కానీ వదల్లేదు: 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు గోపీచంద్ మూడు నెలలపాటు సింధు చేతికి ఫోన్ ఇవ్వలేదు. ఐస్‌క్రీమ్ కూడా వద్దన్నారు. రజతం వచ్చాక రెండిటికీ అనుమతి! అప్పుడు కోపమొచ్చిన కట్టడే తర్వాత నవ్వుకునే ముచ్చటవుతుంది. గోపీచంద్ కూడా ఒకప్పుడు హైదరాబాదులో ఆరిఫ్ సారు దగ్గర రాకెట్ పట్టిన శిష్యుడేగా!

ఓడినప్పుడు పక్కనే ఉన్నాడు: గెలిచినరోజు ఫొటోలో అందరూ ఉంటారు. ఓడిన రాత్రి తిరుగు బస్సులో పక్క సీట్లో కూర్చుని, ఏమీ మాట్లాడకుండా వేరుశనగల పొట్లం చేతిలో పెట్టింది ఎవరన్నది మనసు మరచిపోదు.

అన్నీ తీపివే కాదు

జ్ఞాపకాల్లో చేదు కూడా ఉంటుంది. చేయి చేసుకునే మాస్టార్లు, తమకు కావలసినవాళ్లకే జట్టులో చోటిచ్చేవాళ్లు, పెద్ద సిఫారసుకు తలొగ్గేవాళ్లు ఉండనే ఉన్నారు. ఆటంటే ప్రాణమున్నా ‘ఆడపిల్లకు నిక్కరేమిటి’ అన్న మాటతో ఆగిపోయిన అమ్మాయిల బాధ మరీ పెద్దది. గ్రౌండు దూరమై, సాయంత్రం చీకటిపడితే తోడు దొరక్క మానేసినవాళ్లూ ఉన్నారు. ఇంటికొచ్చి నాన్నతో మాట్లాడి, ‘మీ పాపను నేను తీసుకెళ్లి నేనే దింపుతా’ అని మాటిచ్చి నిలబెట్టుకున్న పీడీ సారో, మేడమో ఉన్నచోట మాత్రం అమ్మాయిలు ఆడారు, గెలిచారు. వాళ్ల జ్ఞాపకాల్లో ఆ గురువుల స్థానం అందుకే వేరు.

విజిల్ లేని కాలేజీలు

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ తరం పిల్లలు మరో ముప్ఫై ఏళ్లకు ఎవరిని తలచుకుంటారు?

అపార్టుమెంటులాంటి భవనంలో ఇంటర్. పొద్దున ఆరింటికి మొదలైతే రాత్రి దాకా స్టడీ అవర్లు. ఆదివారం పరీక్ష. మైదానం లేదు కాబట్టి జట్టు లేదు, జట్టు లేదు కాబట్టి పీడీ అక్కర్లేదు. తిరుపతిలోనైనా, చిత్తూరులోనైనా, మరే ఊళ్లోనైనా ఇలాంటి కాలేజీలు కొల్లలు. మార్కులు వస్తున్నాయి, కాదనలేం. కానీ మార్కులు తగ్గిన రోజున ‘ఇంకో మ్యాచ్ ఉందిలేరా’ అని భుజం తట్టే మనిషి కాలేజీలో లేకుండా పోయాడు. ఓడిపోవడం ఎలాగో నేర్పే తరగతి అదొక్కటే. దాన్నే ఎత్తేశాం.

అమ్మానాన్నలు కాలేజీలో చేర్చేటప్పుడు ర్యాంకులు అడుగుతారు, ఏసీ ఉందా అని అడుగుతారు, హాస్టల్ భోజనం అడుగుతారు. మరో రెండు ప్రశ్నలు కలపవచ్చు. గ్రౌండు ఎక్కడుంది? పీడీ ఎవరు?

శిష్యుల చేతిలో కూడా ఒక పని ఉంది. శిక్షకుల కోసం 1985 నుంచి ద్రోణాచార్య అవార్డు ఇస్తున్నారు. అది పతకాలు తెచ్చినవాళ్ల గురువులకు. కాలేజీ జట్టును జిల్లా దాటించిన పీడీ సారు పేరు ఆ జాబితాలోకి ఎక్కదు. సెప్టెంబరు 5న లెక్కల సారుకు, ఇంగ్లిషు మేడానికి శాలువాలు కప్పేటప్పుడు కూడా ఆయన షామియానా గుంజలు పాతించే పనిలోనే ఉంటాడు. ఆయనకు దక్కే అవార్డు ఒక్కటే... పాత శిష్యుడి పలకరింపు.

రిటైరైన సారు ఇప్పుడు ఏ వీధిలో ఉన్నారో కనుక్కోవడం పెద్ద పనేం కాదు. ఫోన్ చేసి పేరు చెప్పండి. పేరు గుర్తురాకపోతే జెర్సీ నంబరు చెప్పండి. ‘ఏమప్పా, మోకాలు ఎట్లుంది?’ అని అటునుంచే ముందుగా అడుగుతారు, చూడండి!