కొత్త కమోడు - పాత గొట్టం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇంట్లో కొత్త కమోడు పెట్టించి చూడు అని మాత్రం ఎవరూ అన్నట్టు లేదు. అని ఉంటే నేను ముందే జాగ్రత్తపడేవాణ్ణి.

కాకినాడలో మేముంటున్నది మా తాతగారు 1962లో కట్టించిన డాబా. మా అమ్మకు 72 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు. నేలమీద కూర్చుంటే గోడ పట్టుకుని గాని లేవలేదు. ఈ సంగతి ఆమె ఎన్నడూ నోరు విప్పి చెప్పలేదు. కిందటి వేసవిలో మా ఆవిడే కనిపెట్టింది.

"మీరు చూశారో లేదో, అత్తయ్యగారు పొద్దుట కాఫీ తప్ప మళ్లీ మంచినీళ్లు ముట్టుకోవడం లేదు" అంది.

అడిగితే అమ్మ నవ్వేసి, "తాగితే మళ్లీ వెళ్లాలి గదరా" అంది.

నడివేసవిలో తల్లి దాహం చంపుకుని కూర్చుంటే, కొడుకు కాలేజీలో మాతృభక్తి పద్యాలకు ప్రతిపదార్థం చెబుతున్నాడన్నమాట!

మర్నాడే బజారుకు వెళ్లి తెల్లగా నిగనిగలాడే కమోడు ఒకటి తెచ్చాను. కొనేటప్పుడు రంగు చూశాను, ధర చూశాను, మూత చప్పుడు చెయ్యకుండా పడుతుందో లేదో చూశాను. దాని అడుగున రంధ్రం ఎక్కడుందో మాత్రం చూడలేదు. అన్నిటికంటే ముందు చూడవలసింది అదేనని తరవాత తెలిసింది.

వచ్చిన ప్లంబరు కుర్రవాడు చురుకైనవాడే. పాత నేలబేసిను ఊడదీసి, "కింద తవ్వితే బోలెడు ఖర్చు మాస్టారూ! ఉన్నదానిమీదే కూర్చోబెట్టేద్దాం" అన్నాడు. ఖర్చు తప్పుతుందనగానే నాకు అతని మీద అమాంతం గౌరవం కలిగింది. సాయంత్రానికల్లా చుట్టూ తెల్లసిమెంటు పూసి, డబ్బు పుచ్చుకుని వెళ్లిపోయాడు.

మర్నాటినుంచి మొదలైంది. నీళ్లు వదిలితే అవి అంచుదాకా లేచి, కాసేపు ఆలోచించుకుని, గుడగుడమంటూ దిగేవి. నాలుగోరోజుకు వాసన. "పాతదే నయంరా" అని అమ్మ మంచినీళ్ల చెంబు మళ్లీ దూరంగా జరిపింది.

ఇక లాభం లేదని, మా వీధిలో చాలా ఇళ్లు కట్టిన ముసలి తాపీమేస్త్రీని పిలిపించాను. ఆయన ఒక్కసారి నీళ్లు వదిలి, ఆ చప్పుడు విని, "దీనికి రెండు గొంతులు పెట్టేశారండి బాబూ!" అన్నాడు.

సంగతేమిటంటే, మురుగు గొట్టానికీ ఇంటికీ మధ్య ఎప్పుడూ ఒక వంపు ఉండాలి. ఆ వంపులో సుమారు 2 అంగుళాల లోతున నీరు నిలిచి ఉంటుంది. గొట్టంలోని చెడుగాలి ఇంట్లోకి రాకుండా కాపలా కాసేది ఆ నీరే. 1775లో లండనులో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు ఇటువంటి వంపుతో ఉన్న మరుగుదొడ్డికి పేటెంటు పుచ్చుకున్నాడు. మా నేలబేసినుకు ఆ వంపు, అంటే ట్రాపు, విడిగా నేలలో పాతి ఉంది. కొత్త కమోడుకు అది దాని కడుపులోనే ఉంది. కుర్రవాడు పాత ట్రాపు తియ్యకుండా దానిమీదే కమోడు నిలబెట్టాడు. రెండు నీటి అడ్డాల నడుమ చిక్కిన గాలికి పైకీ దారిలేదు, కిందికీ దారిలేదు. అందుకే ఆ గుడగుడ. మా పరిభాషలో దీన్ని పునరుక్తి దోషం అంటారు.

మరి వాసన? కమోడు రంధ్రం గోడనుంచి 12 అంగుళాల దూరాన ఉండాలి. నేలలో మా పాత గొట్టం 9 అంగుళాల దూరానే ఉంది. గోడ వెనక్కి జరగదు గదా! ఆ 3 అంగుళాల తేడానూ కుర్రవాడు తెల్లసిమెంటుతో కప్పిపుచ్చాడు. సిమెంటు బీటవారింది.

నేల తవ్వక తప్పలేదు. పాత ట్రాపు బయటపడ్డాక ఇంకో చిక్కు వచ్చింది. కింద ఉన్నది మెరుగుపెట్టిన మట్టిగొట్టం, లోపలి వెడల్పు 4 అంగుళాలు. కొత్త ప్లాస్టిక్ గొట్టం బయటి కొలత 110 మిల్లీమీటర్లు. అది మట్టిగొట్టం లోపలికి దూరదు, దాని వెడల్పాటి మూతిలో పెడితే వదులు. ప్లంబర్ల సొల్యూషన్ ప్లాస్టిక్‌నే గాని మట్టిని అతకదు. నున్నటి ప్లాస్టిక్‌ను సిమెంటు పట్టదు.

మేస్త్రీ తొందరపడలేదు. ప్లాస్టిక్ గొట్టం చివర సొల్యూషన్ రాసి, దానిమీద ఇసుక చల్లి ఆరబెట్టాడు. ఆ గరుకు చివరను పాత మూతిలో నిలిపి, తారులో ముంచిన జనపనార చుట్టూ కూరి, ఆపైన సిమెంటు మెత్తాడు. నాకు వ్యాకరణం గుర్తుకొచ్చింది. సంధి కుదరని చోట రెండు అచ్చుల మధ్య 'య' వచ్చి చేరి 'మా అమ్మ'ను 'మాయమ్మ' చేస్తుంది. దాన్ని యడాగమం అంటాం. ఆ గుప్పెడు ఇసుకే మా ఇంటి యడాగమం!

గొట్టానికి 40 అంగుళాలకు 1 అంగుళం చొప్పున వాలు పెట్టి, ఒక వంపుముక్కతో రంధ్రాన్ని సరిగ్గా 12 అంగుళాలకు తెచ్చాడు. మూడురోజులు తడుపుతూ అతుకును ఆరనిచ్చి, బకెట్లకొద్దీ నీళ్లు పోసి, ఎక్కడా చెమ్మ లేదని చూశాకనే నేల మూశాడు. మొదట నేను మిగిల్చానని మురిసిన ఖర్చు రెండింతలై తిరిగొచ్చింది.

మీ ఇంట్లో కూడా పెద్దవాళ్లుండి, ఇల్లు పాతదైతే, దుకాణానికి వెళ్లేముందు టేపు పట్టుకోండి. పలకలు పరిచిన గోడనుంచి రంధ్రం నడిమికి ఎంతో కొలిచి కాగితంమీద రాసుకోండి. కింద పాత ట్రాపు ఉందేమో పనివాణ్ణి అడగండి. ఉంటే తీయించండి. నీళ్లు పోసి చూడకుండా నేల మూయనివ్వకండి.

కమోడు కుదురుకున్న నాటి సాయంత్రం నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. వరండాలోంచి అమ్మ కేకేసింది.

"ఒరేయ్, చెంబెడు మంచినీళ్లు ఇలా పట్రా. మహా దాహంగా ఉంది."